ఆరో ఫారం దాటిన పాట: నూజివీడు సీమలో సంగీతం చదువు

కృష్ణా జిల్లాలో పాతతరం వాళ్లు ఒకరిని ‘ఆరో ఫారం చదివాడు’ అంటే హైస్కూలు ముగించాడని అర్థం. మద్రాసు రాష్ట్రపు బడుల్లో ఆరో ఫారమే చివరి తరగతి. దాని చివర ఎస్సెస్సెల్సీ పరీక్ష, అది గట్టెక్కితే రెండేళ్ల ఇంటర్మీడియట్. ఇంగ్లండులో సిక్స్త్ ఫారం అంటే అది కాదు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు చదివే రెండేళ్లకు అక్కడ ఆ పేరు. అంటే అది మన ఇంటర్‌కు సాటి. ఆ రెండేళ్లలో అక్కడి విద్యార్థి భౌతికశాస్త్రాన్నో చరిత్రనో ఎంచుకున్నట్టే సంగీతాన్నీ ఒక సబ్జెక్టుగా ఎంచుకుని, ఏ లెవెల్ పరీక్ష రాసి, ఆ మార్కులతో విశ్వవిద్యాలయానికి వెళ్లవచ్చు.

నూజివీడు సీమలో ఈ ఏర్పాటు వేళ్లూనలేదు. అలాగని ఆ ఈడు పిల్లలు పాట నేర్వలేదనుకుంటే పొరపాటు. నేర్చిన చోటు మాత్రం చాలా వరకు బడి గోడకు అవతలే ఉండేది. ఒక తరం వాళ్లకు అది గురువు ఇంటి వసారా. తరువాతి వాళ్లకు ఎక్కడో దూరాన రాజావారు పెట్టిన కళాశాల. ఆ తరువాత పొద్దున్నే మోగే రేడియో, బెజవాడలో ప్రభుత్వం తెరిచిన సంగీత కళాశాల.

మేకా వంశపు అప్పారావుల జమీందారీగా, చిన్నరసం మామిడికి పుట్టిల్లుగా పేరుపడ్డ నూజివీడు 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉంది. కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లాలో చేరింది. సంగీతం లెక్కలో అది ఇప్పటికీ కృష్ణా తీరానిదే. పదకర్త క్షేత్రయ్య ఊరు మొవ్వ, భాగవతుల కూచిపూడి, సుసర్ల వారి పెదకళ్లేపల్లి, అన్నీ పాత కృష్ణా జిల్లాలోనివే.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ జిల్లాలో సంగీతం చదవడమంటే గురువు ఇంట చేరడమే. పెదకళ్లేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి త్యాగరాజు నేరుశిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకుని, ఆ విద్యను కృష్ణా తీరానికి తెచ్చారు. త్యాగరాజు రాసింది తెలుగులో, బతికింది కావేరి ఒడ్డున. అందుకే ఆ తెలుగు కీర్తనల పాఠం తెలుగునేలకు తమిళదేశం మీదుగా రావలసి వచ్చింది. దక్షిణామూర్తి శాస్త్రి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. కృష్ణా జిల్లా శ్రీకాకుళం ఆయన సొంతూరు. ఆయన బెజవాడలో తయారుచేసిన శిష్యులే తరువాత ఆంధ్ర సంగీతానికి పెద్దదిక్కయ్యారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి వారిలో ఇద్దరు.

గురుకులంలో తరగతులు లేవు. పదేళ్లవాడూ పద్దెనిమిదేళ్లవాడూ ఒకే చాప మీద కూర్చునేవారు. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో గురువు చెవి తేల్చేది. ఎనిమిదేళ్లకే బెజవాడలో కచేరీ చేసిన బాలమురళి లాంటి పిల్లవాడికి ఆ పద్ధతి సరిగ్గా సరిపోయింది. అతణ్ణి ‘ఫస్టియర్’లో కూర్చోబెట్టే పని ఎవరికీ పడలేదు. మామూలు పిల్లవాడికి అదే పద్ధతి కష్టం. ఎన్నేళ్లు నేర్వాలో, ఎక్కడికి చేరాడో చెప్పే కాగితం ఉండదు. గురువు ఇంటి పనులు చేస్తూనే ఏళ్లు గడిచిపోవచ్చు. కులం, బంధుత్వం, దగ్గరితనం చూసి చేర్చుకునేవారు కాబట్టి అందరికీ ఆ వసారా దొరికేది కాదు. ఆడపిల్లలకు దారి ఇంకా ఇరుకు. సంగీతాన్ని వృత్తిగా సాగించిన కళావంతుల ఇళ్లలో ఆడవాళ్లకు గట్టి శిక్షణ ఉండేది. మిగతా ఇళ్లలో పెళ్లిచూపుల్లో పాడడానికి నాలుగు కీర్తనలు వస్తే చాలనుకునేవారు.

ఈ పద్ధతికి పక్కన తరగతి గది వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఉత్తరాదిన విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయం తెరిచారు. తెలుగునాట ఆ పని చేసింది విజయనగరం సంస్థానం. అక్కడి మహారాజు విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాల పెట్టారు. దివాణానికి దగ్గరి ఒకరి కొడుకు చూపులేనివాడని, అతనికి సంగీతం నేర్పించే ఆలోచనే కళాశాలగా పెరిగిందని అక్కడ చెప్పుకుంటారు. మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విన్న దాసుగారు ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారన్న కథ ప్రసిద్ధం. 1936లో ద్వారమే ఆ కళాశాలకు అధ్యక్షుడయ్యారు.

కృష్ణా జిల్లా కుర్రవాడికి విజయనగరం అంటే రైల్లో పెద్ద ప్రయాణం. ఆ ప్రయాణం కట్టిన వాళ్లలో అందరికీ తెలిసినవారు ఘంటసాల వెంకటేశ్వరరావు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, తండ్రిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. సంగీతం నేర్పుతారన్న ఆశతో కొన్ని ఇళ్లలో చేరితే ఇంటిపనే మిగిలిందని, చివరికి వేలి ఉంగరం ఎనిమిది రూపాయలకు అమ్మి విజయనగరం చేరారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. కళాశాలలో చదువు ఉచితమే. తిండే సమస్య. జోలె కట్టి ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నారు. ఆశ్రయమిచ్చి పాఠం చెప్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. నేటి విద్యార్థి ఇంటర్ గదిలో కూర్చునే వయసును ఘంటసాల ఇలా గడిపారు. పట్టా పుచ్చుకుని సొంత జిల్లాకు తిరిగివచ్చాక 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలు కూడా చూశారు.

ఇక్కడ కథ నూజివీడు గడప తొక్కుతుంది. నూజివీడు జమీందారీ శాఖల్లో మీర్జాపురం ఒకటి. అక్కడి రాజా మేకా వెంకటరామయ్య అప్పారావు మద్రాసు వెళ్లి సినిమాల్లో దిగి, తన సంస్థకు శోభనాచల అని పేరు పెట్టుకున్నారు. నూజివీడు నుంచి బెజవాడ వెళ్లే దారిలో ఆగిరిపల్లి కొండ మీది దేవుడు శోభనాచలపతి. ఆ పేరే సినిమా తెర మీదికి ఎక్కింది. 1949లో ఆ రాజాగారే తీసిన ‘కీలుగుర్రం’కు, ఆయన భార్య కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’కు సంగీత దర్శకుడు ఘంటసాల. అప్పారావుల జమీలో పెద్ద సంగీత కళాశాల వెలవలేదు. విజయనగరం రాజులు తీర్చిన విద్యకు కొలువిచ్చింది మాత్రం ఈ సీమ రాజాయే. 1948 నాటి చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. విద్వాంసుణ్ణి పోషించే భారం దివాణం నుంచి సినిమాకు, రేడియోకు, ప్రభుత్వానికి మారింది.

విశ్వవిద్యాలయాలు సంగీతాన్ని లోపలికి రానిచ్చిన తీరు వేరు. చిదంబరంలో 1929లో రాజా అణ్ణామలై సంగీత కళాశాల వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయం 1932లో భారతీయ సంగీత శాఖ తెరిచి, టైగర్ వరదాచారిని పెద్దగా పెట్టుకుంది. ఆ శాఖలో చేరిన పి. సాంబమూర్తి పాఠ్యపుస్తకాలు రాసి, సంగీతాన్ని పరీక్ష రాయదగ్గ విషయంగా మలిచారు. రాగానికి లక్షణం, తాళానికి అంగాలు, వాగ్గేయకారుడికి జీవితచరిత్ర ఒక క్రమంలో కుదురుకున్నాయి. తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తమిళదేశంలో వెలువడినా తెలుగు లిపిలోనే ఉంది.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ప్రభుత్వ సంగీత కళాశాలల కాలం మొదలైంది. హైదరాబాదులో త్యాగరాజ కళాశాల 1952లోనే ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి కళాశాల 1959లో వచ్చింది. నూజివీడుకు అందుబాటులో, సుమారు 45 కిలోమీటర్ల దూరాన విజయవాడలో ఏర్పడ్డ ప్రభుత్వ సంగీత కళాశాలకు బాలమురళీకృష్ణ కొంతకాలం ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. తరువాత నేదునూరి కృష్ణమూర్తి కూడా ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు అది ఘంటసాల వెంకటేశ్వరరావు పేరు మీద నడుస్తోంది. ఉంగరం అమ్ముకుని పరాయి జిల్లాకు వెళ్లిన కుర్రవాడి పేరు సొంత జిల్లా కళాశాల బోర్డు మీదికి చేరింది.

ఈ కళాశాలల్లో చదువు రెండు మెట్లు. నాలుగేళ్ల సర్టిఫికెట్, దాని మీద రెండేళ్ల డిప్లొమా. పదీ పన్నెండేళ్లప్పుడు సర్టిఫికెట్‌లో చేరిన పిల్ల సరిగ్గా ఇంటర్ ఈడుకు డిప్లొమా గుమ్మంలో ఉంటుంది. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, పిళ్లారి గీతాలు, స్వరజతులు, ఆదితాళ వర్ణాలు, చిన్న కృతులు, ఇదంతా కింది మెట్టు. అక్కడిదాకా గురువు పాడిందాన్ని తిరిగి పాడగలిగితే చాలు. పై మెట్టులో పని మారుతుంది. అటతాళ వర్ణాలు, ఘనరాగ పంచరత్నాలతో పాటు రాగాలాపన, నెరవు, స్వరకల్పన, పల్లవి వస్తాయి. పుస్తకంలో లేనిదాన్ని అప్పటికప్పుడు పుట్టించడం అక్కడ మొదలవుతుంది. దీన్నే మనోధర్మం అంటారు.

అటతాళ వర్ణం ఒక్కటి చూస్తే ఆ చదువు బరువు తెలుస్తుంది. భైరవి రాగంలో పచ్చిమిరియం ఆదిఅప్పయ్య కట్టిన వర్ణం ఈ స్థాయి పాఠాల్లో తప్పనిసరి లాంటిది. దాని తాళం ఆవర్తానికి పద్నాలుగు అక్షరాలు. ఒక దెబ్బ వేసి నాలుగు వేళ్లు లెక్కపెడితే ఐదు. అదే మళ్లీ చేస్తే పది. ఆ తరువాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొదటి కాలంలో పాట ఈ చేతి వెంట నింపాదిగా నడుస్తుంది. రెండో కాలంలో చేయి వేగం మారకూడదు. స్వరాలు మాత్రం రెట్టింపు వడిలో అదే పద్నాలుగు అక్షరాల్లో ఇమడాలి. కొత్తగా చేరిన వాళ్లకు ఇక్కడ గొంతు కంటే ముందు చెయ్యి తడబడుతుంది. తెలియకుండానే పాట వెంట పరుగెత్తుతుంది. మేష్టారు పాట ఆపించి, తాళం ఒక్కటే వేయించి, మళ్లీ పాట ఎత్తుకోమంటారు. భైరవిలో ఇంకో చిక్కు ధైవతంతో వస్తుంది. పైకి వెళ్లేటప్పుడు ఒక ధైవతం, దిగేటప్పుడు ఇంకొకటి. కాగితం మీద ఇది ఒక్క వాక్యం. గొంతులో పట్టుబడడానికి నెలలు కావాలి.

లక్షణం పేపరు దీనికి పూర్తిగా వేరు. డెబ్బై రెండు మేళకర్తలు, తాళ దశప్రాణాలు, వీణ మీద శ్రుతిస్థానాలు తెలుగులో రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. గొంతు సాధారణంగా ఉన్నవాళ్లు ఈ పేపరుతో గట్టెక్కడం, బాగా పాడేవాళ్లు ఇందులో చతికిలబడడం సంగీత కళాశాలల్లో కొత్త సంగతి కాదు. గురుకులంలో లేని ఈ విభజనను తెచ్చింది పరీక్షే. దానివల్ల నష్టం లేకపోలేదు. అయినా కులమూ చుట్టరికమూ అడగకుండా దరఖాస్తు కాగితంతో చేర్చుకునే చోటు వచ్చిందంటే అదీ పరీక్ష పుణ్యమే. ఆడపిల్లలు బస్సెక్కి వెళ్లి పట్టా తెచ్చుకునే సంగీతం మొదలైంది ఇక్కడే.

కళాశాలకు వెళ్లలేని ఊళ్లకు రేడియో వెళ్లింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున భక్తిరంజని వినడం చాలా ఇళ్లలో కాఫీలాంటి అలవాటయింది. సంగీత శిక్షణ కార్యక్రమంలో వోలేటి వెంకటేశ్వర్లు లాంటి విద్వాంసులు ఒక్కొక్క కృతిని ముక్కలుగా విడదీసి, ఎదురుగా కూర్చున్న శిష్యుల చేత చెప్పించేవారు. ఇంటి దగ్గర రేడియో ముందు పుస్తకం పట్టుకున్న పిల్ల ఆ శిష్యులతో గొంతు కలిపేది. తప్పు పాడితే దిద్దేవాళ్లు ఉండరన్నదే లోటు. కాని మామిడితోపుల మధ్య ఊళ్లో ఒక కృతికి సరైన పాఠం వినగలగడం అంతకు ముందు తరానికి లేని భాగ్యం. అదే రేడియో ఆడిషన్ పెట్టి గ్రేడ్లు ఇచ్చేది. డిప్లొమా పట్టా కన్నా ‘బి హై గ్రేడ్ ఆర్టిస్టు’ అన్న మాటకే ఊళ్లో గౌరవం ఎక్కువగా ఉండేది.

మరో దారి కూడా నడిచింది. సంగీతాన్ని పక్కన పెట్టుకుని వేరే చదువు చదివినవాళ్ల దారి అది. శ్రీపాద పినాకపాణి 1913లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివి డాక్టరయ్యారు. ఉద్యోగం చేస్తూనే నేదునూరి, వోలేటి వంటివారికి పాఠం చెప్పారు, ‘సంగీత సౌరభం’ సంపుటాలుగా వేలకొద్దీ పుటల స్వరలిపి రాశారు. తెలుగు ఇళ్లలో ‘ముందు చదువు, తరువాతే పాట’ అని పట్టుబట్టే తండ్రులు ఆయన పేరు చూపించేవారు. పినాకపాణి లాంటివారు ఎంత అరుదో ఆ తండ్రులు లెక్కలోకి తీసుకోలేదు.

1969లో రాష్ట్రం రెండేళ్ల ఇంటర్‌కు మారింది. అంతకుముందు కొన్నేళ్లు నడిచిన ఒక ఏడాది పి.యు.సి. (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) పోయింది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. పదహారేళ్ల పిల్లల లోకం ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అన్న మూడు మాటల్లోకి కుదించుకుపోయింది. ఊళ్ల కాలేజీల్లో ఆ గ్రూపులే దొరికేవి. ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లకు ఎంసెట్ వచ్చాక సాయంత్రాలు కూడా పోయాయి. విజయవాడ చుట్టుపక్కల పెరిగిన హాస్టలు కాలేజీల్లో తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్లు రాత్రి దాకా సాగుతాయి. పొద్దునో సాయంత్రమో గంటన్నర సాధన అడిగే విద్యకు అందులో సందు లేదు. సర్టిఫికెట్ పూర్తిచేసి డిప్లొమాలో చేరాల్సిన పిల్ల ఆగిపోయేది సరిగ్గా ఈ మలుపులోనే. పదో తరగతి పరీక్షల ముందు ‘ఈ రెండేళ్లూ సంగీతం ఆపేద్దాం’ అంటారు. ఆ రెండేళ్లలో గొంతు మారుతుంది, వేళ్ల మీది కాయలు మెత్తబడతాయి. తిరిగి మొదలుపెట్టేవాళ్లు తక్కువ.

పి.యు.సి. అన్న పాత పేరు నూజివీడులోనే మళ్లీ బతికింది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని మూడు ప్రాంగణాల్లో ఒకటి ఇక్కడ పెట్టారు. పదో తరగతి మార్కుల మీద ఎంపికైన గ్రామీణ విద్యార్థులు ఆరేళ్ల చదువులో మొదటి రెండేళ్లను పి.యు.సి. పేరుతోనే చదువుతారు. ఊళ్లో దాన్ని ‘ట్రిపులైటీ’ అంటారు. పదహారు, పదిహేడేళ్ల వాళ్లు వేలల్లో ఒక్కచోట చేరింది ఈ మామిడి సీమ చరిత్రలో ఇదే మొదటిసారి. వాళ్లు వచ్చింది ఇంజనీరింగు కోసం.

సంగీతం చదువులో నూజివీడుకు సొంతంగా మిగిలింది కొయ్యపని. బొబ్బిలి వీణకు గొల్లపల్లి ఎలాగో, కృష్ణా తీరపు వీణకు నూజివీడు అలాగ. ఇక్కడ ఈ పని ముస్లిం కుటుంబాల చేతుల్లో తరతరాలుగా నడిచింది. త్యాగరాజ కృతులు పలికే వాద్యాన్ని వాళ్లు పనసకొయ్యలోంచి తీస్తారు. పనస తేలిక, నాదానికి మంచిది, పురుగును ఓర్చుకుంటుంది. బాగా ఆరిన దుంగను చెక్కి కుండ తొలుస్తారు. దానికి దండి, చివర యాళి ముఖం. కుండ, దండి, మెడ ఒకే మానులోంచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. ధర, గిరాకీ రెండూ దానికే ఎక్కువ. దండి కింద ఆనుకోవడానికి ఒక బుర్ర, వాయించడానికి నాలుగు తంత్రులు, తాళానికి మూడు.

అన్నిటికన్నా ఒడుపు కావాల్సింది మెట్లు నిలపడంలో. తంజావూరును ఏలిన తెలుగు రాజు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడ్డాయని చెప్పే ఇరవై నాలుగు మెట్లను దండి మీద నల్లని మైనపు గట్టుల్లో గుచ్చుతారు. ఏ మెట్టు ఎక్కడ నిలవాలో కొలబద్ద చివరిదాకా చెప్పదు. తంత్రి మీటి, చెవితో విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటాలి. డిప్లొమా విద్యార్థి భైరవి రెండు ధైవతాల కోసం నెలల తరబడి పడే పాట్లను, ఒక్క కీర్తన కూడా పాడని పనివాడు ఈ మెట్ల మీద రోజూ పడతాడు.

మైనానికి వేసవి పడదు. మామిడి కోతలు జోరుగా సాగే ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద, కిటికీ ఎండలో ఉంచిన వీణ మైనం మెత్తబడి మెట్లు వాలతాయి, అపశ్రుతి మొదలవుతుంది. చాలాకాలం వాయించకుండా వదిలేస్తే మైనం ఎండి పగులుతుంది. అప్పుడు పాత మైనం గీకి తీసేసి, కొత్తది పోసి, ఇరవై నాలుగు మెట్లనూ మొదటి నుంచి నిలపాలి. కొత్త వీణ చేయడంతో పాటు ఈ మరమ్మతు కూడా నూజివీడు పనివాళ్ల జీవనాధారమే. ఇంటర్‌లో చేరేటప్పుడు గలేబు వేసి మూల పెట్టిన వీణ ఏళ్ల తరువాత బయటికి వచ్చినా, దానికి జరగాల్సింది ఈ పనే.